గారపళ్ల నవ్వు

"ఉమ్మెయ్. మల్ల పుక్కిలించు. మింగకు," అన్నాడు చంద్రకాంత్.

రుచిత వాకిట్లో నల్లా ముందు గొంతుక్కూర్చుని ఉంది. చెంబెత్తి నోట్లో నీళ్లు పోసుకుంటోంది, ఉమ్ముతోంది. ఏడవడం లేదు. కళ్లలోంచి మాత్రం నీళ్లు వాటంతటవే కారుతున్నాయి. పై పెదవి లోపల ఎర్రగా ఉండాల్సిన చిగురు సున్నం పూసినట్టు తెల్లబడిపోయింది.

"ఇంకెంతసేపురా?" ఇందిరమ్మ కొడుకును అడిగింది.

"కంపెనీల ఒంటి మీద పడితే పావుగంట నీళ్ల కిందనే నిలబెడతరమ్మా. పుక్కిలియ్యనియ్."

"కంపెనీల ఉండేది ఇంట్లకెట్ల వచ్చిందిరా?"

చంద్రకాంత్ అరుగు మీదున్న కూల్‌డ్రింక్ సీసా వైపు చూశాడు. అతను పనిచేసే మందుల కంపెనీలో ఆ సీసాలోని మందు నీలం డబ్బాల్లో వస్తుంది. గాలి పోవడానికి ఆ డబ్బాల మూతలకు సన్నటి బెజ్జం ఉంటుంది. ఈ సీసా మూతకు లేదు. అడుగు ఉబ్బి, నిలబడలేక పక్కకు ఒరిగింది.

రుచితను పెళ్లాడబోయే కళ్యాణ్ పంపిన, పళ్లు తెల్లబరిచే పట్టీల పెట్టె మీద మందు పేరు చదివి చంద్రకాంతే నవ్వాడు మొన్న. ఇదేనా, మా దగ్గర డ్రమ్ములకు డ్రమ్ములు ఉంటది పెరాక్సైడ్ అన్నాడు. నిన్న డ్యూటీ దిగేటప్పుడు కొంచెం పట్టుకొచ్చాడు.

"నీళ్లు కలిపి నేనే ఇస్త, అప్పటిదాంక ముట్టద్దన్న. నేను తానం చేసి వచ్చెటాల్లకు..."

"ముట్టద్దన్నదాన్ని ముందట పెట్టుడెందుకు? పెద్ద డాక్టరువైనవా?"

"అన్నను అనకు అమ్మా," అంది రుచిత. పెదవి మొద్దుబారి మాట ముద్దగా వచ్చింది. "నేనే పత్తి ముంచి పెట్టుకున్న. కళ్యాణ్ వాళ్లమ్మ ఫోన్ చేసింది పొద్దుగాల. సోమవారం పండ్లకు క్యాపులు పెట్టిచ్చెతందుకు అమీన్‌పూర్ దవాఖానల అపాయింట్‌మెంట్ తీసుకున్నరట. పండ్లు అరగదీస్తరట. ఆ లోపల తెల్లగైతే అరగదీసుడు తప్పుతదనుకున్న."

ఇందిరమ్మ చెంబు అందుకుని మళ్లీ నింపింది. 

రుచిత తండ్రి యాదగిరి అప్పటిదాకా గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. వచ్చి సీసా తీయబోయాడు.

"నాయినా, చేతికి అంటుతది," అన్నాడు కొడుకు.

యాదగిరి భుజం మీది తువ్వాల తీసి, దానితో సీసా పట్టుకుని, మూత కొంచెం వదులు చేశాడు. బుస్సుమంది. దాన్ని దూరంగా గోడ నీడన పెట్టి, బండి తాళం తీసుకొచ్చాడు.

"ఎక్కు బిడ్డా," అన్నాడు.

*

పటాన్‌చెరులో టైర్ల షాపు పైనున్న చిన్న దవాఖాన అది. డాక్టరమ్మ వయసులో చిన్నది. రుచిత పెదవి ఎత్తి లైటు వేసి చూసింది.

"చిగురు కాలింది. లోతుకు పోలేదు. ఎవరు కడిగించారు?"

"మా అన్న."

"తెచ్చిందెవరు?"

"ఆయననే."

డాక్టరమ్మ లైటు పక్కకు తిప్పింది. "పై పొర ఊడిపోయి కొత్తది వస్తుంది. కారం వద్దు, వేడి వద్దు. మళ్లీ ఇలాంటివి వద్దు."

"మరి పండ్లు, మేడం?"

డాక్టరమ్మ అద్దం చేతికిచ్చింది. రుచిత చూసుకుంది. ముందు పళ్ల మీద అడ్డంగా చిన్ననాటి నుంచీ ఉన్న అవే గోధుమరంగు చారలు. ఒక్కటీ చెరగలేదు. చిగుళ్లు తెల్లబడ్డాయి, పళ్లు అట్లాగే ఉన్నాయి. ఆమెకు నవ్వొచ్చింది. నవ్వితే మండింది. అలవాటుగా చెయ్యి నోటి మీదికి పోయింది.

"మావోళ్లు క్యాపులు పెట్టించుకొమ్మంటున్నరు," అంది చేతి వెనకనుంచే. "పెండ్లి కుదిరినోళ్లు."

"పెట్టించుకోవచ్చు. ఈ సోమవారం కాదు, చిగురు మానాలి. నిశ్చితార్థం ఎప్పుడు?"

"వచ్చే నెల."

"అయితే టైముంది. కాని ఒకటి. క్యాపు కూర్చోవాలంటే కింద పన్ను చుట్టూ అరగదీయాలి. అరిగింది తిరిగి రాదు. క్యాపు కూడా శాశ్వతం కాదు, కొన్నేళ్లకు మళ్లీ మార్చుకోవాలి." డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "ఇంకో పద్ధతుంది. పైన చాలా పల్చగా రుద్ది, తర్వాత తక్కువ మోతాదు మందుతో వారాల తరబడి మెల్లగా తెల్లబరచడం. గోధుమరంగు చాలావరకు తగ్గుతుంది. పూర్తిగా పోతుందని మాట ఇవ్వను. తెల్ల మచ్చలుంటాయి. ఫోటోల్లో వాళ్ల పళ్లలాగా కావు."

"ఏది మంచిది, మేడం?"

"మీకేం కావాలన్నదాన్ని బట్టి. మీ పళ్లయితే గట్టివి. ఒక్క పిప్పిపన్ను లేదు."

రుచిత ఇంతవరకు ఆ మాట ఎవరి నోటా వినలేదు. ఆమె పళ్ల గురించి ఎవరైనా మాట్లాడితే రంగు గురించే.

గోడకానుకుని నిలబడ్డ యాదగిరి అప్పుడు నోరు విప్పాడు.

"డాక్టరమ్మా, గీ రంగు యాడిది?"

"నీళ్లదండీ. చిన్నపిల్లలకు చిగురు లోపల పళ్లు తయారయ్యేటప్పుడు తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువుంటే లోపలికే పట్టేస్తుంది. బోరు నీళ్లా తాగింది?"

యాదగిరి తల ఊపాడు. ఊపిన తల మళ్లీ ఎత్తడానికి కొంచెం సేపు పట్టింది.

*

ఇంటికి మళ్లే కర్దనూర్ దారిలో వాళ్ల మెట్ట చెలక పక్కన బండి దానంతటదే ఆగినట్టు ఆగింది. యాదగిరి దిగలేదు. హ్యాండిల్ పట్టుకుని బోరు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఇనుప గొట్టం, దాని పక్కన పెచ్చులూడిన తొట్టి. నల్లా వచ్చాక తాగడానికి ఇక్కడికి ఎవరూ రావడం లేదు.

వెనకటికి అందరూ బాయి నీళ్లే తాగేవాళ్లు. కంపెనీల కాలువ పొంగిన ఏడాది బాయి నీళ్లు తాగే చాయ రంగుకు తిరిగాయి. బర్రెలు మూతి పెట్టి వెనక్కి తిరిగిపోయేవి. ఇందిరమ్మ కడుపుతో ఉంది అప్పుడు. పుట్టబోయేదానికి మంచి నీళ్లు కావాలని యాదగిరి పట్టుబట్టి బోరు వేయించాడు. వాడకట్టంతా బిందెలు తెచ్చుకుని పట్టుకుపోయారు. యాదగిరి బోరు అన్నారు. ఆ పేరు వినబడితే అతను నడకలో కొంచెం నిటారుగా అయ్యేవాడు.

బాయి నీళ్లు తాగి పెరిగిన చంద్రకాంత్ పళ్లు కొబ్బరి ముక్కల్లా ఉంటాయి. బోరు నీళ్లతో పెరిగింది రుచిత.

"తెల్లగ ఉండె బిడ్డా," అన్నాడు యాదగిరి. "గిలాసల పోస్తే నీళ్లు లేనట్టే ఉండె."

"నాకెరుకే నాయినా."

"వాసన సుత లేకుండె."

"ఎరుకే. పోనియ్ బండి."

అతను కిక్కు కొట్టాడు. బండి మొదటిసారి అందుకోలేదు.

*

ఇంటికి వచ్చేసరికి ఇందిరమ్మ పెరుగన్నం మెత్తగా పిసికి చల్లారబెట్టి ఉంచింది. రుచిత ఒక పక్క దవడతో తింటుంటే ఎదురుగా కూర్చుంది.

"డాక్టరు ఏది చేయించుకొమ్మన్నది?"

"నీ ఇష్టం అన్నది."

"గదేం డాక్టరు? మన ఇష్టమైతే ఆమె దగ్గరికి పోవుడెందుకు?" ఇందిరమ్మ చేతులు తుడుచుకుంది. "నన్నడిగితే పెట్టించుకోమంట. పీడ పోతది."

"అరగదీస్తరమ్మా."

"అరగదీస్తే అరగదీయనీ. బడికి పోయినకాడికెల్లి సూస్తున్న నిన్ను. నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకుంటవు. నవ్వయిపోయినంక తీస్తవు. మనసు నిండ నవ్వంగ సూడనే సూడలె నేను."

"కళ్యాణ్ వాళ్లమ్మ కోసం పెట్టించుకొమ్మంటున్నవా, నా కోసమా?"

"ఆమె కోసం నేనెందుకంట? మొన్న ఇంటికొచ్చిన్నాడు మన చేన్ల మక్కకంకి లేతది చూసి కాల్చిస్తే, ముట్టనన్నా ముట్టలె. పళ్లెం జరిపి పెట్టింది. మన ఇంట్ల తినబుద్ధి కాలేదేమో."

గడపలో కూర్చున్న చంద్రకాంత్ కలగజేసుకున్నాడు. "మీరిద్దరు కాదు. కళ్యాణ్‌ను అడుగుండ్రి. కట్టుకునేది ఆయన."

"ఆయననేం అడగాలె?" అంది రుచిత.

"నీ పండ్లు ఆయనకు ఎట్లుంటయో అడుగు."

రుచిత చెంచా కింద పెట్టింది.

రుచిత, కళ్యాణ్ ఇద్దరూ ఒకే ఫ్యాక్టరీలో పనిచేస్తారు. ఆమె అకౌంట్స్, అతను డిస్పాచ్. కరోనా మాస్కుల రోజుల్లో మొదలైన మాటలు. ఆ రోజులంటే ఆమెకు ఇష్టం, ఎవరికీ చెప్పుకోలేదు గాని. మాస్కు లోపల నోరంతా తెరిచి నవ్వేది. ఒక మధ్యాహ్నం క్యాంటీన్లో చాయ తాగడానికి అతని ఎదుట మొదటిసారి మాస్కు కిందికి దించింది. అతను చూశాడు. ఏమీ అనలేదు. చాయలో చక్కెర ఎక్కువైందన్నాడు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ ఏమీ అనలేదు. మొన్న మాత్రం పట్టీల పెట్టె పంపాడు.

"అడగను," అంది రుచిత. "ఆ పెట్టెల జవాబున్నది."

చంద్రకాంత్ ఇంకేదో అనబోయాడు. అప్పుడే గేటు చప్పుడైంది.

కళ్యాణ్ తల్లి నాగేశ్వరి వచ్చింది. ఒక్కతే వచ్చింది. ఎప్పటిలాగే ఇస్త్రీ మడతలు చెదరని చీర, చేతిలో స్టీలు క్యాను. ఆమె భర్త నరసరాజు సర్కారు ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ఇన్నేళ్లయినా ఆమె మాట మాత్రం కనిగిరి వైపుదే.

"వదినగారూ, పిల్లకెలా ఉంది? చంద్రకాంత్ ఫోన్ చేశాడంట మావాడికి. మజ్జిగ తెచ్చాను, చల్లగా ఉంది. కళ్యాణ్ మందుల షాపు దగ్గర ఆగాడు, వస్తాడు."

"రాండ్రి వదినా," అంది ఇందిరమ్మ. లేవడం మాత్రం కొంచెం ఆలస్యంగా లేచింది. "మీరు సోమవారం అన్నరని పిల్ల ఆగమైంది."

నాగేశ్వరి క్యాను ఇందిరమ్మ చేతికిచ్చింది.

"నేను పిల్లతో కాసేపు మాట్లాడొచ్చా?"

*

లోపలి గదిలో నాగేశ్వరి తలుపు దగ్గరగా వేసింది.

"ఏదీ, నోరు చూపించమ్మా."

రుచిత చూపించింది. నాగేశ్వరి వంగి చూసింది. చూస్తున్నంతసేపూ తన పెదవులు గట్టిగా బిగించి ఉంచింది.

"ఇంత పని ఎందుకు చేశావు?"

"అరగదీస్తరంటే భయమైంది ఆంటీ."

"భయమైతే నాతో చెప్పొచ్చుగా."

"మీతోనే భయమైంది."

నాగేశ్వరి మంచం మీద కూర్చుంది. చీర కుచ్చెళ్లు సర్దుకుంది. సర్దినవే మళ్లీ సర్దింది. తర్వాత లేచి, గోడ వైపు తిరిగి, చెయ్యి నోటి దగ్గరికి తీసుకెళ్లింది. దగ్గుతోందేమో అనుకుంది రుచిత.

ఇటు తిరిగినప్పుడు ఆమె ముఖం వేరేగా ఉంది. పై పెదవి లోపలికి పోయింది. ముక్కుకూ గడ్డానికీ మధ్య దూరం తగ్గింది. ఒక్క నిమిషంలో ముసలిదైపోయినట్టుంది.

పిడికిలి విప్పింది. గులాబిరంగు పలకకు అతికించిన నాలుగు ముందు పళ్లు.

"మాది కనిగిరి పక్క పల్లె," అంది. మాటల్లోంచి గాలి పోతోంది. "మా ఊళ్లోనూ ఇవే నీళ్లు. నీకంటే నల్లగా ఉండేవి నావి. పెళ్లయి వచ్చాక మా తోడికోడళ్లు నాకు పేరు పెట్టారు. గారపళ్లది అని. పేరు పెట్టి పిలిచేవాళ్లు కాదు, గారపళ్లదాన్ని నీళ్లు తెమ్మను అనేవాళ్లు."

రుచిత ఆమె చేతిలోకి చూసింది, ముఖంలోకి చూడలేకపోయింది.

"మీ అంకుల్ ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడం ఏంటో నాకు తెలియలేదు. అడగలేదు. పోయి అరగదీయించుకున్నాను. క్యాపులు పెట్టారు. కొన్నేళ్లు బాగున్నాయమ్మా, అబద్ధం చెప్పను. అద్దం ముందు నుంచుని ఊరికే నవ్వుకునేదాన్ని. ఆ తర్వాత కింద చీము పట్టింది. ఒకదాని తర్వాత ఒకటి పీకేశారు. ఇప్పుడు బాగా చేస్తారేమో, నాకు తెలియదు. నాకు తెలిసింది నాదొక్కటే."

"మరి నాకెందుకు చెప్పిన్రు, పెట్టించుకొమ్మని?"

నాగేశ్వరి పళ్లపలకను మళ్లీ పిడికిట్లో మూసింది. బయట ఇందిరమ్మ గిన్నెలు కడుగుతున్న చప్పుడు.

"నిశ్చితార్థానికి ఆ తోడికోడళ్లంతా వస్తారు. నిన్ను చూస్తారు. చూసి నావైపు చూస్తారు. ఆ పేరు మళ్లీ మా ఇంట్లోకి వస్తుందని భయపడ్డాను. నీకోసం అనుకున్నాను గాని, నాకోసమే."

రుచిత మెల్లగా అడిగింది. "ఆ రోజు కంకి..."

"కొరకలేను. వలిచిపెట్టమని అడిగితే ఎందుకంటారు." గాలిపోతున్న ఆ మాటల మధ్యే నాగేశ్వరి కొంచెం నవ్వింది. "నాకు కంకంటే ప్రాణం. వాసనకు కూర్చోలేకపోయాను ఆ రోజు."

"అమ్మ వేరే అనుకున్నది."

"అనుకోనీ. నీ వయసులో చెరుకు గడ విరవకుండా కొరికేదాన్ని. ఎంత గట్టి పళ్లో అనుకునేదాన్ని కాదు. రంగొక్కటే కనబడేది."

"కళ్యాణ్‌కు ఎరుకేనా?"

"తెలియదు. రోజూ తలుపేసుకుని కడుక్కుంటాను. వాడికి చెప్పకు. సోమవారం సంగతి నీ ఇష్టం, నేను ఫోన్ చేసి వద్దని చెప్తాను. ఇది మాత్రం వాడికి..."

తలుపు తెరుచుకుంది.

"రుచీ," అంటూ కళ్యాణ్ మందుల కవరుతో లోపలికి అడుగు పెట్టాడు.

నాగేశ్వరి గోడ వైపు తిరిగేలోపే రుచిత లేచి ఇద్దరి మధ్యా నిలబడింది. రెండు చేతులూ వెనక్కి పెట్టి ఆమె చీర కొంగు అందుకుంది. నోటికి అడ్డం పెట్టుకోవడానికి చెయ్యి మిగల్లేదు.

కళ్యాణ్ ఆమె నోటి వైపు చూశాడు. తెల్లబడిన చిగురు, వాచిన పెదవి, గోధుమరంగు చారలు. చూపు తిప్పుకోలేదు.

"నొప్పిగా ఉందా?"

"ఉన్నది." రుచిత కొంగు వదల్లేదు. "ఒకటి అడుగుత. మాస్కు తీసిన రోజు ఏమనుకున్నవ్?"

అతను కవరు చేతులు మార్చుకున్నాడు. "ఏ రోజు?"

"చాయల చక్కెర ఎక్కువైందన్న రోజు."

అతనికి గుర్తుంది. ముఖంలో తెలిసిపోయింది.

"నువ్వు దించగానే మళ్లీ పెట్టేసుకున్నావ్. నేను చూడ్డం నీకిష్టం లేదనుకున్నా. ఏదన్నా అంటే ఇంక ఎప్పుడూ తియ్యవేమోనని చక్కెర గురించి అన్నా."

"ఇన్నేండ్ల సంది ఏం అనలె."

"నువ్వూ అడగలేదు."

"మరి పట్టీలు?"

"అమ్మ రోజూ క్యాపులు, క్యాపులు అంటుంటే, అంతకంటే ఇది నయం కదా అని పంపా. అరగదియ్యక్కర్లేదని." అతను తల గోక్కున్నాడు. "నాకైతే ఫరక్ లేదు రుచీ. నీకుందేమో అనుకున్నా."

రుచిత నవ్వింది. మండింది. నవ్వు ఆపలేదు. తల్లి ఎన్నడూ చూడలేదన్న నవ్వు అదే. తల్లి మాత్రం బయట గిన్నెల దగ్గరుంది.

కళ్యాణ్ ఆమె భుజం మీదుగా వెనక్కి చూశాడు. "అమ్మా, అటు తిరిగి నుంచున్నావేం? కోపమొచ్చిందా?"

నాగేశ్వరి పలకలేదు. పలికితే గాలి పోతుంది.

"చెప్పమ్మా. క్యాపుల సంగతి మొదలుపెట్టింది నువ్వేగా. పళ్లు అరగదీస్తే ఏమవుతుందో నువ్వే చెప్పు. నీకు తెలిసినవాళ్లెవరైనా చేయించుకున్నారా?"

రుచిత చేతిలోని కొంగు బిగుసుకుంది. "ఆంటీకి గొంతు బాగలేదు," అంది. "రేపు మాట్లాడుకుందాం. నువ్వు బయట కూసో, మజ్జిగ తాగు."

"గొంతు బాగలేదా? దారిలో బాగానే మాట్లాడిందే."

అతను ఒక అడుగు ముందుకు వేశాడు. రుచిత పక్కకు జరగలేదు.

అప్పుడు వెనకనుంచి ఒక చెయ్యి ఆమె భుజం మీద పడింది. చల్లటి చెయ్యి. రుచిత తల అడ్డంగా ఊపింది, వద్దన్నట్టు. ఆ చెయ్యి నెట్టలేదు. ధాన్యం ఆరబోసేటప్పుడు చేట జరిపినంత మెల్లగా ఆమెను పక్కకు జరిపింది.

నాగేశ్వరి కొడుకు ఎదుటికి వచ్చి నిలబడింది. పెదవులు మూసే ఉన్నాయి. కుడిచేతి పిడికిలి కూడా. ఆ పిడికిలిని అతని ముందుకు చాపింది.